తిమ్మక్క గొలుసు మీద పడిన నింద

కర్నూల్లో మా వీధి చివరి ఎముకల డాక్టరు దగ్గరికి వెళితే ముందు నొప్పుల తైలం వాసన పలకరిస్తుంది, మనుషులు తర్వాత పలకరిస్తారు. మొన్నటి చికున్‌గున్యా జ్వరాల తర్వాత ఊరు ఊరంతా అక్కడే కాపురం పెట్టినట్టుంది. గుమ్మం బయట చెప్పులు విప్పడానికి వంగలేక ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడ్డారు. నేనూ ముక్కూ మొహం తెలియని ఒకావిడ భుజం పట్టుకున్నాను, ఆవిడ నా భుజం పట్టుకుంది. ఇద్దరం కాసేపు అటూ ఇటూ ఊగి, ఇక లాభం లేదని చెప్పులతోనే లోపలికి వెళ్ళాం. కుర్ర డాక్టరు నా వేళ్ళ కణుపులు నొక్కి చూశాడు. రక్తపరీక్ష కాగితం చదివి గొంతు సవరించుకున్నాడు. "జ్వరం ఎప్పుడో పోయిందమ్మా. దాన్ని తరమడానికి మీ ఒంట్లో లేచిన బలగం మాత్రం ఇంకా సర్దుకోలేదు. మీ కీళ్ళనే శత్రువులనుకుంటోంది. ఆ వైరస్ వల్లే మొదలై ఉండవచ్చు, కచ్చితంగా చెప్పలేం," అన్నాడు. ఆ చివరి మాట అనడానికి పాపం అతను కొంచెం సిగ్గుపడ్డాడు. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఆ తైలం వాసన మధ్య, ఆ "ఉండవచ్చు" అన్న మాట వెంట, యాభై ఏళ్ళ కిందటి తిమ్మక్క వచ్చి నా పక్క బల్ల మీద కూర్చుంది.

తిమ్మక్కను ఎరిగినవాళ్ళు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్ది ఏళ్ళలో నేను ట్రైనింగు ముగించుకుని, రాయచోటి నుంచి ఆలూరు పక్క పల్లెకు ఎలిమెంటరీ స్కూలు టీచరుగా వెళ్ళాను. ఆ వైపు ఉపాధ్యాయుణ్ణి అయ్యవారంటారు. ఆడ అయ్యవారు ఆ ఊరికి అంతకుముందు ఎన్నడూ రాలేదు. నన్నేమని పిలవాలో తేలక కొన్నాళ్ళు ఎవరూ పిలవనేలేదు. చివరికి తిమ్మక్క "అయ్యవారమ్మ" అని తీర్మానించింది, అదే ఖాయమైంది. ఆమె భూములున్న రెడ్ల ఇంటి కోడలు. యాభై దాటిన మనిషి, మంచి పొడగరి, గొంతు అంతకన్నా పొడుగు. పిల్లలు లేరు. భర్త గిడ్డారెడ్డి ఎవరేమన్నా "కానీలే" అనే మనిషి కావడంతో ఇంట్లో మాట్లాడే పని మొత్తం ఆమె మీదే పడింది. వాళ్ళ ముందుగది అద్దెకు అడగడానికి వెళ్ళిన రోజు ఆమె నన్ను గడపలోనే నిలబెట్టి పరీక్ష పెట్టింది.

"ఏం సదివినావమ్మా?"

"ట్రైనింగు అయినానక్కా."

"దాంట్లో ఏం నేర్పిస్తారు?"

"పిల్లలకు ఎట్ల చెప్పాలో నేర్పిస్తారు."

"సెప్పినా పిల్లోళ్ళు నేర్సుకోకపోతే ఏం సేయల్లో నేర్పించినారా?"

నేర్పించలేదు. ఆ సంగతి ఒప్పుకున్నాను. ఆ జవాబు ఆమెకు నచ్చినట్టుంది, గది తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టింది.

ఆమెకు ఒక అలవాటుండేది. ఎవరు ఏ వార్త మోసుకొచ్చినా దాన్ని నిలబెట్టి అడిగేది. ఒకసారి పొలం మనిషి ఒకడు పరుగున వచ్చి, కోసిగిలో రెండు తలల దూడ పుట్టిందన్నాడు. "నువ్వు సూసినావా?" అంది తిమ్మక్క. "లేదక్కా, మా బామ్మర్ది సెప్పినాడు." "వాడు సూసినాడా?" "వానికి సంతలో ఎవురో సెప్పినారంట." "అయితే ఆ దూడ ఇంగా పుట్టలేదులే. పుట్టినాక వచ్చి సెప్పు," అని ఆమె రోటి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను పుస్తకాలు చదివిన దాన్నే గాని, వినగానే నమ్మేసి ఆ దూడకు ఏ తలతో గడ్డి పెడతారా అని అప్పటికే ఆలోచిస్తున్నాను.

ఆ ఏడు వేరుశనగ పెరికే కాలానికి కాస్త ముందు ఊళ్ళోకి గవదబిళ్ళలు వచ్చాయి. ఒకరోజు ఒక పిల్లవాడి బుగ్గ వాచింది. వారం తిరిగేసరికి బడిలో సగం మందికి చెవుల కింద లడ్డూలు పెట్టినట్టు వాపులు. ఎక్కాలు చెప్పమంటే దవడ పట్టుకుని నావైపు జాలిగా చూసేవాళ్ళు. మా రాయచోటిలోనూ ఉన్న ఆచారమే, ఆ ఊళ్ళోనూ ఉంది. గవదలు వచ్చినవాళ్ళ మెడలో బంగారు గొలుసు వేస్తే వాపు అణుగుతుందని నమ్మకం. తేడా ఏమిటంటే, ఎక్కడైనా ఎవరి బంగారం వాళ్ళ పిల్లల మెడలో పడుతుంది. ఆ ఊళ్ళో తిమ్మక్క గొలుసు అందరి మెడల్లోనూ పడేది. పెళ్ళినాడు తల్లి ఆమెకు వేసిన గొలుసది, జడలా అల్లిన బరువైన నగ. రెడ్ల మిద్దెల నుంచి కూలీల గుడిసెల దాకా తిరిగేది. అది తిరిగి రాగానే తిమ్మక్క చింతపండు నీళ్ళలో కడిగి, ఆరబెట్టి, తర్వాతి బుగ్గ ఎవరిదో విచారించి పంపేది. కూలీల పిల్లల మెడలో వేసిన నగను మళ్ళీ మన పిల్లలకు వేస్తావా అని ఇంట్లో పెద్దవాళ్ళు సణిగితే, "గవదలకు కులముండాదా? ముందు దాన్ని అడిగి రాండి," అనేది.

నేను మాత్రం ఊరుకోలేదు. ట్రైనింగులో ఆరోగ్యశాస్త్రం చదివిన దాన్ని కదా, బంగారానికీ బుగ్గవాపుకూ ఏ సంబంధమూ లేదని తరగతిలో గట్టిగానే చెప్పాను. సాయంత్రానికి ఆ మాట తిమ్మక్కకు చేరింది. కోప్పడుతుందని భయపడ్డాను. "నువ్వు నీ పాఠం సెప్పు, నేను నా గొలుసు ఏస్తా. పిల్లోడు లేసి ఆడుకుంటే సాలు, పుణ్యం ఎవరిదైనా కానీ," అంది. అంతటితో మా ఇద్దరి మధ్యా శాంతి కుదిరింది.

ఆ శాంతిని చెడగొట్టింది హనిమిరెడ్డి గవదలు. హనిమిరెడ్డి గిడ్డారెడ్డికి అన్న, ఊరికి పెద్ద. బండలాగుడు పందేలకు ఎద్దుల్ని మేపే మనిషి. మీసాలు ఆయన కన్నా ముందు గది లోపలికి వచ్చేవి. అలాంటి ఆయనకు మనవడి నుంచి గవదలు అంటుకున్నాయి. రెండు బుగ్గలూ వాచి మీసాలు రెండూ చెరో దిక్కుకు పోయాయి. గొలుసు పంపితే ముందు కసిరాడు, నొప్పి ఎక్కువయ్యాక ఆయనే కబురు పెట్టాడు. ఎద్దు మెడలాంటి ఆయన మెడకు అది చాలలేదు, నూలు దారం ముడేసి పొడిగించాల్సి వచ్చింది. దాని మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. పరామర్శకు వచ్చిన ప్రతివాడూ ఆ తువ్వాలు ఎప్పుడు జారుతుందా అని చూసేవాడే గాని ఆయన ఒంట్లో ఎలా ఉందని ఒక్కడూ అడగలేదు. ఆయన చిన్నకోడలికీ అప్పుడే వచ్చాయి. ఆ పిల్లా గొలుసు వేసుకుంది. కొన్నాళ్ళకు ఇద్దరి వాపులూ తగ్గాయి, గొలుసు ఇంటికొచ్చింది, ఊరు ఇంకో మాటలో పడింది.

సరిగ్గా అందరూ మరిచిపోయే వేళకు హనిమిరెడ్డికి మోకాలు వాచింది. తర్వాత మణికట్లు, ఆపైన వేళ్ళ కణుపులు. పొద్దున్నే లేస్తే పిడికిలి ముడుచుకోదు, మీసం దువ్వుకోవడానికి చెయ్యి లేవదు. మీసం దువ్వడానికి మనిషిని పెట్టుకున్నాడని ఊళ్ళో చెప్పుకున్నారు. నేను చూడలేదు కాబట్టి తిమ్మక్క లెక్కలో అది జరగలేదు. చిన్నకోడలి వేళ్ళూ వాచాయి, సంగటి ముద్ద చేయబోతే ఏడుపొచ్చేసేది. హనిమిరెడ్డి మంచం మీద పడుకుని ఆలోచించాడు. ఆయనకు అలవాటు లేని పని కావడంతో ఆ ఆలోచన నేరుగా గొలుసు దగ్గరికి వెళ్ళి ఆగింది.

బావగారి ఎదుట నిలబడి మాట్లాడకూడదన్నది ఆ ఇంటి మర్యాద. అందుకని తిమ్మక్క ఆయనతో ఎప్పుడూ తలుపు చాటునుంచి, మూడో మనిషి ద్వారా మాట్లాడేది. ఆ చుట్టుపక్కల మూడో మనిషి తరచుగా నేనే. ఆరోజు ఆయన పంచలో ఊరి పెద్దల్నీ కంసాలినీ కూర్చోబెట్టి మమ్మల్ని పిలిపించాడు.

"ఒగే గొలుసు. పెద్దోళ్ళు ఇద్దరు ఏసుకుంటే ఇద్దరికీ కీళ్ళు పట్టుకుండాయి. ఇంగేం కావల్ల?" అన్నాడు. "అది నికరం బంగారు కాదు."

కంసాలి గొలుసును గీటురాయి మీద గీసి చూసి, మంచి బంగారమే అన్నాడు.

"పైన బంగారే. లోపల రాగి ఉంటే? ఆ ఇసం సెమటతో కీళ్ళకు దిగుతాది. లోపల సూసేదెట్ల?"

కంసాలి తల గోక్కున్నాడు. "లోపల సూడల్లంటే కరిగించల్ల రెడ్డీ."

"అయ్యవారమ్మా, బావకు సెప్పు," అంది తలుపు వెనక నుంచి తిమ్మక్క. ఆ గొంతు అవతలి వీధికి కూడా వినబడింది, నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదు. "మా యమ్మ కరువు ఏండ్లలో గూడా దాన్ని అమ్మలేదు. నేను కరిగించను."

ఊరి పెద్ద మాట. పైగా ఇంటి పరువు. ఎవరి మెడలో పడితే వాళ్ళ కీళ్ళు పడిపోతాయంటే రెడ్ల ఇల్లు నలుగురిలో తలెత్తుకోలేదని ఆయన వాదన. అక్కడున్న పెద్దలందరూ తలలూపారు. మర్నాడు శుక్రవారం, ఆ పూట బంగారం గడప దాటకూడదు కాబట్టి ఆ ఒక్కరోజు పోనిచ్చి శనివారం కరిగించాలని తేల్చారు. గిడ్డారెడ్డి "కానీలే" అన్నాడు. ఆ మాట ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరికీ ఏ హానీ చేయలేదు, ఆరోజు మాత్రం తిమ్మక్క ఆయన్ను చూసిన చూపుకి ఆయన ఎద్దుల కొట్టంలోకి వెళ్ళి పొద్దుపోయేదాకా రాలేదు.

ఆమె అన్నం తినలేదు. గొలుసు ఒళ్ళో పెట్టుకుని గోడకు చేరబడింది. పోనీలే అక్కా, కరిగిస్తే మంచి బంగారమని అందరికీ తెలుస్తుంది కదా అన్నాను. "తెలుస్తాది. అప్పుడు నాకు బంగారు ముద్ద మిగుల్తాది. మా యమ్మ ఏసిన గొలుసు మిగల్దు," అంది. ఆమె కంట్లో నీళ్ళు చూడడం నాకదే మొదటిసారి. గొలుసు గవదల్ని తగ్గిస్తుందని నేను నమ్మలేదు, ఆ గొలుసు కరిగిపోతుందంటే మాత్రం నా ప్రాణమే పోతున్నట్టనిపించింది.

శుక్రవారం పొద్దున ఆమె వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ ఆగిపోయింది. "హుసేనప్ప విల్లు సప్పుడు ఈమధ్య ఇన్యావా?" అని అడిగింది. హుసేనప్ప మా వెనక వీధిలో ఉండే దూదేకులాయన. పత్తి ఏకే ఆయన విల్లు టంయ్ టంయ్ మని పొద్దస్తమానం మోగుతూనే ఉండేది, నేను పాఠం దానికి తాళం కలిపి చెప్పేదాన్ని. నిజమే, చాలా రోజులుగా మోగడం లేదు. "నా పరుపు ఆయప్ప దగ్గర పడుండాది. పోయి అడుగుదాం రా," అంది. పరుపు మీద బెంగా, లేక గొలుసు తలపుల నుంచి తప్పించుకోవడమా, నాకు తెలియదు. వెంట నడిచాను.

హుసేనప్ప గోడకానుకుని కాళ్ళు చాపి కూర్చున్నాడు. మణికట్టుకు చింతాకు పట్టు వేసి గుడ్డ కట్టుంది.

"ఏమప్పా, నా పరుపు యాడ?"

"ఆ మూటలోనే ఉండాదక్కా. సేతులు ఆడ్డం లేదు. మోకాలు సూడు."

"ఎప్పట్నుంచప్పా?"

"గవదలు వచ్చె గదా. జొరం పాయ, బుగ్గలు తగ్గె. ఇంగ బాగైనా అనుకుంటాంటే కీళ్ళు పట్టుకునె."

తిమ్మక్క కదలకుండా నిలబడింది. "నీకు గొలుసు ఏసినామా?"

"యాడిదక్కా. నువ్వు పంపిస్తివి, నేనే వద్దంటి. మాలో మొగోళ్ళు బంగారు తొడగరాదు. ఎర్ర జాజుమన్ను నూరి బుగ్గలకు పూసుకుంటి, అంతే."

ఆమె మెల్లగా ఆయన ఎదుట చతికిలబడి, ఆ మోకాలి మీద చెయ్యి వేసి, వేలితో నొక్కి చూసి, ముఖమంతా వెలిగిపోతుండగా, "ఎంత బాగా వాసిందప్పా," అంది.

"నా పానం పోతాంటే బాగుండాదంటావేందక్కా?"

"నీ వాపు నాకు శానా అక్కరొచ్చింది. లెయ్, నా యెంట రా."

"లేసేకి సేతనైతే నీ పరుపే ఏకేసిందును గదా," అన్నాడు హుసేనప్ప.

బండి కట్టించి, ఆయన్ను ఇద్దరు మనుషులతో ఎత్తించి హనిమిరెడ్డి పంచలో దించింది. ఆయన మంచం, హుసేనప్ప చాప. రెండు మోకాళ్ళూ పక్కపక్కనే, రెండూ గుమ్మడికాయల్లా నున్నగా మెరుస్తున్నాయి. తిమ్మక్క అలవాటుగా తలుపు వెనక్కి వెళ్ళి, "అయ్యవారమ్మా, బావకు సెప్పు," అని మొదలుపెట్టింది. తర్వాత ఏమనుకుందో, ఆ తలుపు చాటునుంచి బయటికి వచ్చేసింది. ఆ ఇంటికి కోడలుగా వచ్చాక ఆమె బావగారి ముందు నిలబడడం అదే మొదలని తర్వాత విన్నాను.

"బావా, కీళ్ళు వాసినోళ్ళు ముగ్గురు. దాంట్లో గొలుసు ఏసుకోనోడు ఒగడుండాడు. గవదలు రానోడు ఒగడన్నా ఉండాడా? ఇంగ కీళ్ళు దేనివల్ల వాసినాయో నువ్వే సెప్పు."

హనిమిరెడ్డి చాలాసేపు హుసేనప్ప మోకాలి వంక చూశాడు. దాన్నుంచి తప్పుకోవడానికి దారి వెతుకుతున్నాడని తెలుస్తూనే ఉంది. చివరికి, "ఆలూరు డాక్టరు సెప్తే నమ్ముతా," అన్నాడు. ఆడమనిషి మాటకు ఓడిపోవడం కన్నా సర్కారు డాక్టరుకు ఓడిపోవడం మేలనుకుని ఉంటాడు.

ఆ ప్రయాణం గుర్తొస్తే ఇప్పటికీ నాకు నవ్వాగదు. బండిలో ముందు హనిమిరెడ్డి, పక్కన హుసేనప్ప, వెనక మేమిద్దరం. మర్యాద కోసం తిమ్మక్క వెనక్కి తిరిగి కూర్చుంది. ప్రతి గతుకుకీ రెడ్డి "అబ్బా" అంటే హుసేనప్ప "అల్లా" అనేవాడు. కాస్త దూరం పోయాక ఇద్దరికీ పోటీ మొదలైంది. తెల్లారి పిడికిలి పట్టదని ఒకరంటే, నాకు మధ్యాన్నం దాకా పట్టదని ఇంకొకరు. ఒకరి మోకాలు ఒకరు ముట్టుకుని చూసుకున్నారు. ఆలూరు చేరేసరికి రెడ్డి తన తువ్వాలు మడిచి హుసేనప్ప మోకాలి కింద పెట్టి ఉన్నాడు.

సర్కారు ఆసుపత్రి డాక్టరు ఓపికగల మనిషి. ఇద్దరినీ చూశాడు, అంతా విన్నాడు. "పెద్దవాళ్ళకు గవదబిళ్ళలు వస్తే, కొందరికి తర్వాత కీళ్ళు వాస్తాయని చదివాను. కళ్ళారా చూడడం ఇదే మొదలు," అన్నాడు. ఎందుకొస్తుందని తిమ్మక్క అడిగింది. "సరిగా తెలియదమ్మా. రోగాన్ని తరమడానికి ఒంట్లో ఒక సైన్యం లేస్తుంది. రోగం పోయాక కూడా అది ఆగక, సొంత కీళ్ళ మీదే పడుతుందేమోనని కొందరికి అనుమానం. కావచ్చు, కాకపోవచ్చు."

తిమ్మక్క ఆలోచించి నా వైపు తిరిగింది. "అయ్యవారమ్మా, బావకు సెప్పు. మొన్న జాతరలో బావ మనుసులు సేసిన పనే ఇది. కొట్లాట అయిపోయినంక గూడా కట్టెలు దించక మనోని తలకాయే పగలగొట్టిరి."

"అది పొరపాటున తగిలె," అన్నాడు హనిమిరెడ్డి.

"ఇదీ అంతే," అన్నాడు డాక్టరు.

మాత్రలిచ్చి, కదలకుండా పడుకోమన్నాడు. చాలామందికి కొద్దివారాల్లో అదే తగ్గిపోతుందన్నాడు. గొలుసు సంగతి అడిగితే నవ్వి, బంగారం వల్ల కీళ్ళు వాయవని చెప్పాడు. అక్కడితో ఆగి ఉంటే తిమ్మక్క గెలుపు నిఖార్సుగా ఉండేది. ఆయన ఊరుకోక, "పైగా పెద్దాసుపత్రుల్లో మొండి కీళ్ళజబ్బుకు బంగారం కలిసిన సూదిమందే ఇస్తారు," అన్నాడు.

హనిమిరెడ్డి మెల్లగా తల తిప్పాడు. "ఆ గొలుసు యాడుండాది?" అన్నాడు.

అంతే. గొలుసు కరగలేదు. శనివారం కొలిమి మోసుకుని వచ్చిన కంసాలి సంగటి తిని వెళ్ళిపోయాడు. గొలుసు మళ్ళీ నూలు దారంతో హనిమిరెడ్డి మెడకెక్కింది. ఈసారి తువ్వాలు కూడా కప్పుకోలేదు. కొన్ని వారాలకు ఆయన కీళ్ళు సర్దుకున్నాయి, చిన్నకోడలి వేళ్ళూ సర్దుకున్నాయి. తిమ్మక్క గొలుసు కీళ్ళకూ పనిచేస్తుందని ఆయన ఊరూరా చెప్పాడు. అదే సమయానికి, ఏ బంగారమూ లేకుండానే, వెనక వీధిలో హుసేనప్ప విల్లు మళ్ళీ మోగింది. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. "నేను నాయంగా గెలిస్తే బావ దాన్ని గబ్బు సేసె," అని తిమ్మక్క పళ్ళు కొరికింది.

ఒక మాట వెనక పెట్టాను. ఆరోజు డాక్టరు గదిలోంచి అందరూ బయటికి వెళ్ళాక తిమ్మక్క తన చేతులు ఆయన ముందు చాపింది. ఆమెకూ ఆ మధ్య జ్వరం వచ్చి దవడ కింద కొంచెం వాచిందట. గొలుసు వేరేవాళ్ళ మెడలో ఉండడంతో తనకు వేసుకోలేదు. పొద్దున్నే వేళ్ళు కొయ్యబారుతున్నాయంది. నాకు ఒళ్ళు మండింది. ఇంత సాక్ష్యం చేతిలో పెట్టుకుని పంచలో ఎందుకు చెప్పలేదని అడిగాను. "నా గొలుసుకు నేను సాచ్చిమా? ఎవురు నమ్ముతారు?" అంది. డాక్టరు ఆ చేతుల్ని మిగతా వాళ్ళవాటికన్నా ఎక్కువసేపు చూశాడు. ఇదీ అదే కావచ్చు, వేరే కావచ్చు, తగ్గకపోతే మాత్రం పెద్దాసుపత్రికి పోవాలన్నాడు. తగ్గలేదు. కర్నూలుకూ వెళ్ళొచ్చింది. ఏడాది తిరిగేసరికి వేళ్ళు ఒక పక్కకు ఒరిగిపోయాయి. "అందరింటికీ సుట్టంగా వచ్చి పాయ. నా దగ్గర మాత్రం ఇల్లు కట్టుకునె," అని నవ్వేది. నేను నవ్వలేకపోయేదాన్ని. ఆ చేతులు చూస్తే నాకు దేవుడి మీద పట్టరాని కోపం వచ్చేది.

మరుసటి ఏడు వేరుశనగ పెరకడానికి కోసిగి వైపు నుంచి కూలీలు వచ్చి చేల దగ్గర గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళలో ఒకామె, బుగ్గలు వాచిన కూతురిని చంకనేసుకుని వాకిట్లోకి వచ్చింది. తిమ్మక్క వేళ్ళతో గొలుసు కొక్కెం పట్టదు కాబట్టి ఆ పిల్ల మెడలో నేనే వేశాను. వాళ్ళు వెళ్ళాక ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"అక్కా, హుసేనప్పకు గొలుసు లేకుండానే కీళ్ళు వాచాయి, నిజమే. గొలుసు లేకుండానే గవదలు కూడా తగ్గాయి కదా. అంటే..."

"అంటే గొలుసు ఏం సేయదు. అంతేగదా నువ్వనేది?"

"నీకు తెలుసా?"

"ఆయప్ప మోకాలు పట్టుకున్నప్పుడే తెలిసె."

గొలుసును కాపాడిన సాక్షే దాని మహిమనూ తీసేస్తాడని తెలిసి, ఆమె అతన్ని బండెక్కించి నలుగురి ముందుకు తెచ్చింది.

"మరి ఇప్పుడెందుకు వేయించినావు?"

"ఆ పిల్లది రేపు సేనికి పోతాదా?" అని అడిగింది.

ఏమో అన్నాను.

"యాడ పోతాది? నా గొలుసు మెడలో పెట్టుకుని సెనిక్కాయ పెరికేకి ఎవురు పంపిస్తారు? యాడన్నా పడిపోతే? వాళ్ళమ్మ గూడా పోదు, పక్కలోనే కావలి కుచ్చుంటాది. జొరం పిల్లకు పండుకునే తావు దొరికె, అమ్మ దొరికె. నువ్వు నీ పాఠం సెప్పి ఆ యమ్మను గుడిసెలో కుచ్చోబెట్టు సూద్దాం."

"కూలి పోతుంది కదక్కా. తిండెట్లా?"

"రెండు పూట్లా సంగటి మనింటి నుంచే పోతాది. ఈ పొద్దు నువ్వే తీస్కపో," అని గిన్నె నా చేతికిచ్చింది.

తర్వాత నేను చాలా ఊళ్ళు మారాను, చాలామంది పిల్లలకు పాఠాలు చెప్పాను. ఫలానాది వాడితే తగ్గిందని ఎవరైనా అంటే, వాడనివాళ్ళ సంగతేమిటని అడగకుండా ఉండలేను. దానివల్ల నాకు చుట్టపక్కాలు కొంత తగ్గారు కూడా. మొన్న పక్కింటి కోడలు జ్వరంతో ఉన్న పిల్లవాడిని ఒళ్ళో వేసుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. దర్గా దగ్గర ఎవరో వాడి చేతికి తాయెత్తు కట్టి, ఆరోజంతా తల్లి పక్కనుంచి కదలకూడదన్నారట. అందుకని ఆఫీసుకు సెలవు పెట్టేసింది. తాయెత్తు కట్టాక కాస్త చల్లబడ్డాడు ఆంటీ అంది. నేను నోరు తెరిచాను. పిల్లవాడు తల్లి కడుపులో ముఖం దూర్చి హాయిగా నిద్రపోతున్నాడు. నోరు మూసుకుని, పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా అమ్మాయీ అని అడిగాను.